దరఖాస్తు నుంచి రిట్ పిటిషన్ దాకా: నిరసనకారులకూ విలేకరులకూ ఒక సమగ్ర మార్గదర్శి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ప్రశ్నించేవారి ఫిర్యాదు ఒకేలా ఉంటోంది. సభకు అనుమతి ఇవ్వరు, ఎందుకు ఇవ్వలేదో చెప్పరు, కార్యక్రమం రోజున తెల్లవారకముందే ఇంటి ముందు పోలీసులు నిలబడతారు. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు వద్ద ధర్నా చౌక్‌ను మూసివేశారు. 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్లపై సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 జారీ చేసింది. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చలో అతిథి అన్న మాటలకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. ఈ మూడు సందర్భాల్లో అధికారంలో ఉన్నవి మూడు వేర్వేరు పార్టీలు. మూడింటిలోనూ చివరికి న్యాయస్థానాలే జోక్యం చేసుకున్నాయి. ధర్నా చౌక్‌లో నిరసనలకు 2018లో హైకోర్టు దారి తెరిచింది, జీవో 1ను 2023 మే 12న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది, యాంకర్‌ను విడుదల చేయాలని అరెస్టయిన కొద్ది రోజులకే సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ మూడు చోట్లా కోర్టు ముందు పెట్టడానికి ఒక నిర్దిష్టమైన ప్రభుత్వ చర్య ఉంది. కానీ మండల కేంద్రంలో ధర్నా చేయదలచిన కౌలు రైతుకో, ఆశా కార్యకర్తకో, నిరుద్యోగికో ఎదురయ్యేది ఇలాంటి ఉత్తర్వు కాదు. "పైనుంచి ఆదేశాలున్నాయి, కుదరదు" అన్న నోటిమాట మాత్రమే వారికి మిగులుతుంది. ఆ నోటిమాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు, కారణం ఉండదు, రేపు అది అన్నవారే అనలేదని చెప్పవచ్చు. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా ఒకే పట్టుదల కనిపిస్తుంది: అడిగేది రాతలో అడగాలి, కాదనేవారి చేత కూడా రాతలోనే కాదనిపించాలి. న్యాయవాది సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదు, అయితే న్యాయవాది దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకుండా ఇది ఉపయోగపడుతుంది.

మొదటి అడుగు: మీ ప్రాంతంలో అమల్లో ఉన్న ఉత్తర్వును తెలుసుకోవడం

రాజ్యాంగంలోని 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును పౌరులందరికీ ఇచ్చింది. శాంతిభద్రతలు, దేశ సమగ్రత వంటి కారణాలతో చట్టం ద్వారా సహేతుకమైన ఆంక్షలు మాత్రమే పెట్టవచ్చు. పోలీసులు సాధారణంగా ఉదహరించే ఆంక్షలు రెండు రకాలు, వాటి మధ్య తేడా తెలియకపోవడం వల్లే చాలామంది మొదటి సమాధానానికే వెనుదిరుగుతున్నారు.

ఒకటి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో, 163వ సెక్షన్‌గా మారింది. ఈ ఉత్తర్వు లిఖితపూర్వకంగా ఉండాలి, దానికి ఆధారమైన వాస్తవాలను పేర్కొనాలి, రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా పొడిగిస్తే తప్ప రెండు నెలలకు మించి అమల్లో ఉండదు. కశ్మీర్ ఆంక్షలకు సంబంధించిన అనురాధా భసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇలాంటి ఉత్తర్వులను తప్పనిసరిగా ప్రచురించాలని, న్యాయబద్ధమైన అభిప్రాయ వ్యక్తీకరణను అణచడానికి ఈ అధికారాన్ని వాడకూడదని స్పష్టం చేసింది. కాబట్టి "144 ఉంది" అని ఎవరైనా అంటే, ఉత్తర్వు నంబరు, తేదీ, జారీ చేసిన అధికారి హోదా, వర్తించే ప్రాంతం అడిగి ప్రతి తీసుకోండి. ఆ ఉత్తర్వు వల్ల ఇబ్బంది పడుతున్నవారు దాన్ని రద్దు చేయాలని అదే అధికారికి దరఖాస్తు పెట్టవచ్చని, వారి వాదన వినాలని ఆ సెక్షనే చెబుతోంది. ఈ వెసులుబాటును వాడుకునేవారు చాలా తక్కువ.

రెండవది, 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. "జిల్లాలో సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్న ప్రకటన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. బహిరంగ రహదారులపై జరిగే సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, అవసరమైతే లైసెన్సు తీసుకోమనడానికి, షరతులు పెట్టడానికి ఈ సెక్షన్ అధికారమిస్తుంది. క్రమబద్ధం చేసే అధికారం పూర్తిగా నిషేధించే అధికారం కాదు. జీవో 1 ఈ సెక్షన్‌ను ఆధారం చేసుకునే వచ్చింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో ప్రాణాలు పోయిన మాట నిజమే, కానీ ఆ విషాదాన్ని కారణంగా చూపి రాష్ట్రంలోని రోడ్లన్నింటి మీదా సభలు పెట్టుకునే హక్కును అధికారుల దయకు వదిలేయడం హైకోర్టు ముందు నిలవలేదు. అంతకు చాలా ముందే, 1972లో, అహ్మదాబాద్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని చెప్పింది. హైదరాబాద్‌లో అయితే 1348 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి నగర పోలీసు చట్టం కింద కమిషనర్‌కు ప్రత్యేక అధికారాలున్నాయి కనుక, ఏ నిబంధన కింద ఆంక్ష పెట్టారో అక్కడ మరింత జాగ్రత్తగా అడగాలి.

రెండవ అడుగు: దరఖాస్తు రాయడం, రసీదు తీసుకోవడం

కార్యక్రమానికి కనీసం వారం పది రోజుల ముందే దరఖాస్తు ఇవ్వండి. ఒక రోజు ముందు ఇచ్చిన దరఖాస్తును తిరస్కరించినప్పుడు కోర్టులో వాదించడానికి సమయమూ ఉండదు, సానుభూతీ ఉండదు. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ను సంబోధిస్తూ, డీఎస్పీకి లేదా ఏసీపీకి, ఎస్పీకి లేదా కమిషనర్‌కు ప్రతులు పంపండి. దరఖాస్తులో స్థలం సరిహద్దులు, ప్రారంభ ముగింపు సమయాలు, హాజరవుతారని అంచనా వేస్తున్న సంఖ్య, ఊరేగింపు అయితే మార్గం, వాహనాలు, మైకు వివరాలు, బాధ్యత వహించే ముగ్గురు నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఉన్నందున, సమయాన్ని ఆ మేరకే కోరండి. అంబులెన్సులకు దారి ఎలా వదులుతారో, తాగునీరు ఎక్కడ పెడతారో, స్వచ్ఛంద కార్యకర్తలు ఎంతమందో రాయడం వల్ల ట్రాఫిక్ సాకుకు ముందే సమాధానం చెప్పినట్లవుతుంది.

దరఖాస్తు చివర ఈ పేరాను తప్పకుండా చేర్చమని నా సూచన: "పైన పేర్కొన్న స్థలంలో గాని, సమయంలో గాని మీకు అభ్యంతరం ఉంటే, దానికి కారణాలను, ప్రత్యామ్నాయ స్థలాన్ని లేదా సమయాన్ని, మీరు అవసరమని భావించే షరతులను ఫలానా తేదీలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. సహేతుకమైన షరతులను పాటించడానికి సిద్ధంగా ఉన్నాము." ఈ రెండు వాక్యాలు నిర్వాహకుల సదుద్దేశాన్ని రుజువు చేస్తాయి, అధికారి మౌనాన్ని కోర్టులో ప్రశ్నించడానికి పునాది వేస్తాయి.

దరఖాస్తు ఇచ్చినప్పుడు రెండో ప్రతిపై తేదీ, ముద్ర, సంతకం వేయించుకోవాలి. తీసుకోవడానికి నిరాకరిస్తే అక్కడ వాదనకు దిగకుండా, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, అధికారిక ఈమెయిల్‌కు కూడా పంపండి. పోస్టాఫీసు రసీదును భద్రపరచండి.

హాలులో జరిగే సదస్సులకు 30వ సెక్షన్ వర్తించదు, ఎందుకంటే అది రహదారుల గురించి మాట్లాడుతుంది. అయినా హాలు యజమానికి ఫోన్ వెళ్లడం, ఆయన అడ్వాన్సు తిరిగి ఇచ్చేయడం మన ఊళ్లలో తరచూ జరుగుతున్నదే. యజమాని మీద కోపం తెచ్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు, ఆయన వ్యాపారం ఆయనకు ముఖ్యం. బుకింగ్ రద్దుకు కారణం ఏమిటో ఒక్క వాట్సాప్ సందేశంగానైనా పంపమని మర్యాదగా కోరండి.

మూడవ అడుగు: నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లడం

మీరిచ్చిన గడువులోగా సమాధానం రాకపోయినా, కారణం లేని తిరస్కరణ వచ్చినా, 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. కార్యక్రమం దగ్గర పడితే అత్యవసర విచారణ కోసం లంచ్ మోషన్ కోరవచ్చు. ఉదయం న్యాయమూర్తి అనుమతిస్తే అదే రోజు విచారణ జరుగుతుంది. దరఖాస్తు ప్రతి, రసీదు, తిరస్కరణ పత్రం, అదే స్థలంలో ఇతరులకు లోగడ అనుమతిచ్చిన ఉదాహరణలు ఉంటే వాటి పత్రికా వార్తలు న్యాయవాదికి ఇవ్వండి. అధికార పార్టీ సభకు అనుమతించిన కూడలిలోనే మీకు కాదన్నారంటే, అది సమానత్వ హక్కుకు సంబంధించిన బలమైన వాదన అవుతుంది.

కోర్టు ఇచ్చే అనుమతి సాధారణంగా షరతులతోనే వస్తుంది, ఆ షరతులను అక్షరాలా పాటించాలి. 2022లో అమరావతి రైతుల అరసవల్లి పాదయాత్రకు హైకోర్టు 600 మందికి అనుమతినిచ్చింది. ఆ అక్టోబరులో రామచంద్రపురం వద్ద గుర్తింపు కార్డుల విషయంలో పోలీసులు పట్టుబట్టడంతో యాత్ర ఆగిపోయింది. సంఖ్యపై పరిమితి ఉన్నప్పుడు పేర్ల జాబితా, ఫొటో గుర్తింపు కార్డులు మొదటి రోజు నుంచే సిద్ధంగా లేకపోతే, కోర్టులో గెలిచిన హక్కును రోడ్డు మీద పోగొట్టుకోవలసి వస్తుంది.

మన వైపు పరిమితులను కూడా నిజాయితీగా గుర్తించాలి. 2018లో జంతర్ మంతర్‌కు సంబంధించిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తీర్పు నిరసన హక్కును, స్థానికుల ప్రశాంతతను సమన్వయం చేయమంది. 2020 అక్టోబరులో షహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు బహిరంగ మార్గాలను నిరవధికంగా ఆక్రమించకూడదని చెప్పింది. రాస్తారోకోకు ముందస్తు అనుమతి దొరకడం దాదాపు అసాధ్యం, దానికి దిగేవారు కేసులు వస్తాయని తెలిసే దిగాలి.

నాలుగవ అడుగు: ముందు రోజు రాత్రి

ముందస్తు అరెస్టు, గృహ నిర్బంధం, బైండోవర్ అనే మూడింటినీ ప్రజలు ఒకే గాటన కట్టి మాట్లాడుతుంటారు. చట్టం దృష్టిలో అవి వేర్వేరు.

ముందస్తు అరెస్టుకు ఆధారం బీఎన్‌ఎస్‌ఎస్ 170వ సెక్షన్. ఇక మీదట చట్టం పేరు లేకుండా చెప్పే సెక్షన్లన్నీ బీఎన్‌ఎస్‌ఎస్‌లోనివే. ఒక వ్యక్తి కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, చేయబోతున్నాడని పోలీసు అధికారికి తెలిసి, అరెస్టు చేయడం మినహా దాన్ని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే ఈ అరెస్టు చెల్లుతుంది. వేరే కేసు లేకుండా 24 గంటలకు మించి ఉంచకూడదు. ధర్నాకు వెళ్లాలనుకోవడం కాగ్నిజబుల్ నేరం కాదు. కొత్త చట్టంలో చేరిన 172వ సెక్షన్ మరింత విస్తృతమైనది. పోలీసుల చట్టబద్ధమైన ఆదేశాన్ని ప్రతిఘటించేవారిని అక్కడి నుంచి తొలగించడానికి, అదుపులోకి తీసుకోవడానికి అది వీలిస్తుంది, అయితే చిన్న వ్యవహారాల్లో వీలైనంత త్వరగా, 24 గంటల లోపే వదిలేయాలి. "ఏ సెక్షన్ కింద?" అన్న ప్రశ్నను అందుకే మొదట అడగాలి.

గృహ నిర్బంధం సంగతి వేరు. న్యాయస్థానం ఆదేశం లేకుండా పౌరుణ్ణి ఇంట్లోనే బంధించే అధికారాన్ని పోలీసులకు ఇచ్చే సాధారణ సెక్షన్ ఏదీ లేదు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న కానిస్టేబుల్‌తో గొడవ పడవద్దు, ఆయన ఆదేశాన్ని అమలు చేస్తున్నాడు. నోటీసు అడగండి. 168వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే తీసుకుని, అందిన సమయం రాసి, "నిరసన శాంతియుతమైనది, ఈ నోటీసుతో నేను ఏకీభవించడం లేదు" అని మీ మాట కూడా రాసి సంతకం చేయండి. నోటీసు లేకపోతే, బయటికి వెళ్లాలనుకుంటున్నట్లు ప్రశాంతంగా చెప్పి, ఆపడాన్ని సమయం కనిపించేలా వీడియో తీసి, వెంటనే ఎస్పీకి ఈమెయిల్ పంపండి: "ఫలానా గంట నుంచి నన్ను ఇంటి నుంచి కదలనివ్వడం లేదు, ఏ ఉత్తర్వు ప్రకారమో తెలియజేయగలరు." అక్రమ నిర్బంధంపై తర్వాత వేసే ఏ కేసుకైనా ఈ ఈమెయిలే ప్రాణం.

బైండోవర్ అంటే 126వ సెక్షన్ కింద శాంతికి భంగం కలిగించనని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఎదుట, మన మండలాల్లో తహసీల్దార్ ఎదుట, పూచీకత్తు రాయించుకోవడం. దానికి ముందు మీపై వచ్చిన సమాచారం సారాంశంతో లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి, మీ వాదన వినాలి. చదవకుండా, న్యాయవాదితో మాట్లాడకుండా ఆ పత్రంపై సంతకం పెట్టకండి. షరతు తప్పారంటే పూచీకత్తు సొమ్ము పోవడమే గాక, కొత్త చిక్కులు వస్తాయి.

ఐదవ అడుగు: నిరసన స్థలంలో

ఇక్కడ చెప్పవలసింది తక్కువే. అనుమతి పత్రం ప్రతులు నలుగురి దగ్గర ఉండాలి. పోలీసులతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. కర్రలు, రాళ్లు చేతిలోకి తీసుకున్న క్షణంలో రాజ్యాంగ రక్షణ పోతుంది, గుంపులో అపరిచితులెవరైనా రెచ్చగొడితే వారి నుంచి వెంటనే విడిపోయి, వీడియో తీయండి. గుంపు చెదిరిపోవాలని ఆదేశం ఇచ్చిన తర్వాతే, అదీ 148వ సెక్షన్‌లో చెప్పిన అధికారి ఆధ్వర్యంలోనే, బలప్రయోగం చేయాలి. రామ్‌లీలా మైదానంలో నిద్రిస్తున్నవారిపై అర్ధరాత్రి జరిగిన పోలీసు చర్యను 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టి పరిహారం ఇప్పించింది. బషీర్‌బాగ్, ముదిగొండ కాల్పులను చూసిన నేల మనది. చెదిరిపోవాలన్న ఆదేశం వచ్చినప్పుడు వృద్ధులను, పిల్లలను ముందుగా పక్కకు పంపించండి.

ఆరవ అడుగు: అదుపులోకి తీసుకుంటే

వ్యాను ఎక్కించే ముందే ఇద్దరికి మీ పేరు, వ్యాను నంబరు, స్టేషన్ పేరు చేరేలా చూడండి. మిమ్మల్ని పట్టుకున్న సమయాన్ని రాసుకోండి, ఎందుకంటే 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలన్న లెక్కకు అదే ఆధారం. అరెస్టు చేశామంటే కారణాలు చెప్పాలి. ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు కారణాలను లిఖితపూర్వకంగా ఇవ్వకపోవడాన్ని తీవ్రంగా పరిగణించి అరెస్టునే చెల్లదంది. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో ఈ రక్షణను అన్ని నేరాలకూ విస్తరించి, కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని చెప్పింది. తెలుగు మాత్రమే వచ్చిన రైతుకు ఇంగ్లీషు కాగితం చేతిలో పెడితే ఈ తీర్పును గుర్తుచేయండి.

బంధువుకు లేదా మిత్రుడికి సమాచారం ఇవ్వాలని 48వ సెక్షన్, విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కును 38వ సెక్షన్ చెబుతున్నాయి. మహిళలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి విచారించాలి, అర్నేశ్ కుమార్ తీర్పు 2014 నుంచీ అదే చెబుతోంది. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా వచ్చిన సందేశాన్ని పట్టించుకోకుండా వదిలేయకండి, న్యాయవాది ద్వారా సమాధానం రాయించండి.

బేడీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2017లో ఖమ్మంలో మిర్చి రైతులను బేడీలతో కోర్టుకు తీసుకెళ్లిన దృశ్యం రాష్ట్రమంతటినీ కలచివేసింది. 1980 నాటి ప్రేమ్ శంకర్ శుక్లా తీర్పు బేడీలను మామూలు పద్ధతిగా వాడడాన్ని నిషేధించింది. కొత్త చట్టంలోని 43వ సెక్షన్ కొన్ని తీవ్రమైన నేరాలకు, పదేపదే నేరాలు చేసేవారికి, తప్పించుకుపోయినవారికి బేడీలను అనుమతిస్తుంది. ఆ జాబితాలో ధర్నా లేదు. మేజిస్ట్రేట్ ఎదుట నిలబెట్టినప్పుడు బేడీల సంగతి, దెబ్బల సంగతి, పట్టుకున్న అసలు సమయం స్వయంగా నోరు విప్పి చెప్పి, రికార్డులో రాయమని కోరండి. భయంతో ఆ క్షణంలో మౌనంగా ఉంటే, తర్వాత అదంతా కల్పించి చెబుతున్నారని అంటారు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100 నంబరుకు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సహాయం కోరవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది.

ఏడవ అడుగు: విలేకరులు, సామాజిక మాధ్యమాల్లో రాసేవారు

అంతర్జాతీయ పత్రికా స్వేచ్ఛ సూచీలో 2025లో 180 దేశాల్లో భారత్‌ది 151వ స్థానం. ఆ అంకె వెనుక ఎక్కువగా ఉన్నది మండల విలేకరులు, యూట్యూబ్ చానళ్లు నడిపేవారు, జీతం కూడా సరిగా రాని కంట్రిబ్యూటర్లు. అక్రిడిటేషన్ కార్డు లేదు కాబట్టి చిత్రీకరించకూడదని ఎవరైనా అంటే, ఆ కార్డు ప్రభుత్వ సౌకర్యాల కోసమేనని, వార్త సేకరించే స్వేచ్ఛ 19వ అధికరణం నుంచి పౌరులందరికీ వస్తుందని చెప్పండి. అయితే సంస్థ ఇచ్చిన గుర్తింపు పత్రం మెడలో ఉండడం, పోలీసుల విధులకు అడ్డుపడకుండా దూరంగా నిలబడడం అవసరం, ఎందుకంటే విధులకు ఆటంకం అన్న సెక్షన్ చాలా తేలిగ్గా అంటిస్తారు.

రాతలపై కేసు పెడితే మొదట ఎఫ్‌ఐఆర్ ప్రతి సంపాదించి సెక్షన్లు చూడండి. పరువునష్టం నాన్ కాగ్నిజబుల్ నేరం కనుక, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేరు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో 173వ సెక్షన్ కింద డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరిపే వీలుంది, భావప్రకటనకు సంబంధించిన కేసుల్లో అలా చేయడమే సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు సామాజిక మాధ్యమాల పోస్టులపై యాంత్రికంగా కేసులు పెట్టవద్దని, ఘాటైన రాజకీయ విమర్శకు రక్షణ ఉంటుందని మార్గదర్శకాలిచ్చింది. ఐటీ చట్టం 66ఏ సెక్షన్ 2015లోనే రద్దయింది. ఎఫ్‌ఐఆర్‌లో అది కనిపిస్తే ఆ భాగం నిలవదు.

ఫోను, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకోవడం విలేకరికి అరెస్టుకన్నా పెద్ద దెబ్బ, అందులో నమ్మి మాట్లాడినవారి పేర్లుంటాయి. సోదాను, స్వాధీనాన్ని వీడియోలో చిత్రీకరించాలని 105వ సెక్షన్ నిర్దేశిస్తోంది. పంచనామాలో పరికరం మోడల్, ఐఎంఈఐ నంబరు, హ్యాష్ విలువ (లోపలి డేటాను తర్వాత మార్చలేదని తేల్చే డిజిటల్ గుర్తు) నమోదు చేయమని అడగండి, ప్రతి తీసుకోండి. వార్తా మూలాలను కాపాడే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయవచ్చా అన్నదానిపై న్యాయస్థానాల్లో భిన్నాభిప్రాయాలున్నందున, న్యాయవాదితో మాట్లాడిన తర్వాతే సమాధానమిస్తానని చెప్పడం మేలు. పరికరం తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్‌కు పిటిషన్ పెట్టవచ్చు. సున్నితమైన వివరాలు రోజువారీ ఫోనులో పెట్టుకోకపోవడం అన్నింటికన్నా మంచి రక్షణ.

ఎనిమిదవ అడుగు: బయటికి వచ్చాక

ఇంటికి చేరిన రోజే జరిగినదంతా సమయాలతో సహా రాసి, గాయాలుంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని ధ్రువపత్రం తీసుకోండి. పోలీసు స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీని భద్రపరచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కనుక, మీరు స్టేషన్‌లో ఉన్న గంటల ఫుటేజీని చెరపకుండా ఉంచమని ఎస్పీకి వెంటనే లేఖ రాయండి. ఆలస్యమైతే అది మిగలకపోవచ్చు. మీపై అమలు చేసిన ఉత్తర్వు ప్రతి, ఆ రోజు జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ ఘటనలు రాసే రిజిస్టరు) నమోదులు కోరుతూ పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి.

పోలీసులపై ఫిర్యాదును స్టేషన్ తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి, ఆ గడువు దాటితే తిరస్కరిస్తారు. పత్రికలపై ఒత్తిడికి ప్రెస్ కౌన్సిల్ ఉన్నా, దాని పరిధి పత్రికలకు, వార్తా సంస్థలకే పరిమితం, టీవీ చానళ్లు అందులోకి రావు. అక్రమ నిర్బంధానికి పరిహారం రిట్ పిటిషన్‌లోనే ఇవ్వవచ్చని రుదుల్ షా కేసులో 1983లో, నీలబతి బెహెరా కేసులో 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం పిటిషన్‌కు మొదటి జతపత్రం మీరు దరఖాస్తుపై వేయించుకున్న స్టేషన్ ముద్ర, రెండవది ఎస్పీకి పంపిన ఈమెయిల్, మూడవది ఆసుపత్రి ధ్రువపత్రం. ఈ మూడింటి నకళ్లను ఇంట్లో ఒకటి, న్యాయవాది దగ్గర ఒకటి, ఊరి బయట నమ్మకమైన వ్యక్తి దగ్గర ఒకటి ఉంచండి.